రేడియేటరు ప్రక్కన చిన్న సీసా

వేసవిలో కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతములలో మధ్యాహ్నపు ఉష్ణోగ్రత 45 డిగ్రీల సెంటిగ్రేడుకు చేరుట అరుదు కాదు. అట్టి ఎండలో నిర్మల్ దాటి మహబూబ్ ఘాట్ ఎక్కిన పాత చిన్నకారు పైకి చేరి ఆగినంతనే, దాని ముందుభాగము నుండి నీరు కారి రోడ్డుపై మడుగు కట్టుట కలదు. వెదకి చూచినచో ఎక్కడను చిల్లి కనబడదు. మరునాటి ఉదయము మాత్రము రేడియేటరులో నీరు తగ్గియుండును. ఈ నీరు ఏల పోయినది? దానిని తిరిగి రప్పించు ఉపాయము కలదా? ఒక సీసా, కొంత రబ్బరు గొట్టము, తగిన మూత ఉన్నచో కలదు.

నీరు పొంగుటకు కారణము

ఇంజనులో పెట్రోలు కాలగా పుట్టు వేడిలో కొద్దిభాగమే చక్రములను త్రిప్పును. మిగిలిన వేడిలో కొంత పొగతో పోవును. కొంతను సిలిండర్ల చుట్టు తిరుగు నీరు గ్రహించి, రేడియేటరు సన్నని గొట్టములలో గాలికి విడిచిపెట్టును.

వేడెక్కిన నీరు వ్యాకోచించును. 30 డిగ్రీల వద్ద ఒక లీటరు నీరు సుమారు 996 గ్రాములు తూగగా, 95 డిగ్రీల వద్ద 962 గ్రాములే తూగును. అనగా అదే నీటికి నూటికి మూడున్నర పాళ్లు ఎక్కువ చోటు కావలెను. 5 లీటర్ల నీరు పట్టు కారులో ఇది సుమారు 175 మిల్లీలీటర్లు. ఇంచుమించు ఒక గ్లాసెడు.

కారును ఆపినంతనే పొంగుటకు వేరొక హేతువు కలదు. ఇంజను ఆగగనే పంపు, పంకా కూడ ఆగును. కాని ఇనుములోని వేడి ఇంకను నీటికి చేరుచుండును. అందుచే కొన్ని నిమిషముల పాటు నీటి ఉష్ణోగ్రత తగ్గుటకు మారు పెరుగును.

మూతలోని రెండు కవాటములు

రేడియేటరు మూత వంటింటి ప్రెషర్ కుక్కరు మూత వంటిది. అందు స్ప్రింగుతో బిగిసిన కవాటమొకటి నీటిని పీడనములో ఉంచును. చదరపు అంగుళమునకు 7 పౌనుల అదనపు పీడనమున్నచో నీరు 100 డిగ్రీలకు గాక, సుమారు 111 డిగ్రీలకు మరుగును. పీడనము హద్దు మీరగనే కవాటము తెరచుకొని, ఎక్కువైన నీటిని ప్రక్క గొట్టములోనికి విడుచును.

ఇంజను చల్లారినపుడు నీరు సంకోచించి, లోపలి పీడనము బయటి వాతావరణ పీడనము కన్న తగ్గును. అపుడు మూత నడుమనున్న రెండవ చిన్న కవాటము లోపలికి తెరచుకొనును. మారిస్ మైనర్ వంటి పాత కార్లలో ఆ ప్రక్క గొట్టపు కొన నేలవైపు వ్రేలాడుచుండును గనుక, పోయిన నీటికి బదులు గాలి లోనికి వచ్చును.

నిజమునకు రేడియేటరు పైభాగమున కొంత ఖాళీ ఉండుట ఆ పాత ఏర్పాటులో భాగమే. కాని నీరు తగ్గెనని తలచి యజమాని ప్రతి ఉదయము అంచు వరకు నింపును. సాయంకాలమునకు అది మరల పొంగిపోవును. ఇట్లు నింపినపుడెల్ల బోరునీటిలోని లవణములు కొత్తగా చేరి, గిన్నెల అడుగున వలెనే గొట్టములలోను తెల్లని పొరగా పేరుకొనును. లోనికి వచ్చిన గాలి వలన తుప్పు పెరుగును. పొరకట్టిన రేడియేటరు వేడిని సరిగా విడువలేదు. చల్లదనము కొరకు పోసిన నీరే తుదకు వేడికి కారణమగును.

సీసా చేయు పని

ప్రక్క గొట్టపు కొనను నీరున్న సీసా అడుగు వరకు దించినచో ఈ చిక్కు తీరును. పొంగిన నీరు సీసాలో చేరును. చల్లారునపుడు సీసాలోని నీటిపై వాతావరణ పీడనము నొక్కి, ఆ నీటినే రేడియేటరులోనికి మరలించును. ఇందుకు సీసా మూతకు సన్నని రంధ్రముండవలెను. లేనిచో వాతావరణ పీడనము పనిచేయదు. గొట్టపు కొన ఎల్లప్పుడు నీటిలో మునిగియుండవలెను. లేనిచో గాలియే లోనికి పోవును.

ముఖ్యమైనది మూత. పాత మూతలు అనేకము రేడియేటరు మెడ పైఅంచును గాలి చొరకుండ మూయవు. క్రింద ఒకటి, పైన ఒకటి రబ్బరు వలయములు గల మూతను, మెడ లోతుకు సరిపడునది, అదే పీడనపు హద్దు గలది ఎన్నుకొనవలెను. ఎక్కువ పీడనపు మూత మంచిదని తలచుట పొరపాటు. పాత రేడియేటరు అతుకులు దానికి తట్టుకొనలేవు. లీటరు సీసాను మూడవ వంతు వరకు నింపి, పొగగొట్టమునకు దూరముగ బిగించిన చాలును.

సీసా రోగమును మాన్పదు గాని, దాని జాడ తెలుపును. నీటిమట్టము దినదినము తగ్గినచో ఎక్కడనో కారుచున్నదని అర్థము. ఇంజను నడుచుచుండగా సీసాలో బుడగలు ఎడతెగక వచ్చినచో సిలిండరు హెడ్ గాస్కెట్టును పరీక్షింపవలెను.

ప్రమాదమెక్కడ?

వేడి ఇంజను మూతను ఎన్నడును తెరవరాదు. 110 డిగ్రీల వద్దనున్న 5 లీటర్ల నీటిపై పీడనము ఒక్కమారు తొలగినచో, అది 100 డిగ్రీలకు దిగుటకు 50 కిలోకాలరీలు విడువవలెను. గ్రాము ఆవిరికి 540 కాలరీల గుప్తోష్ణము చొప్పున ఇది 90 గ్రాములకు పైగా నీటిని ఆవిరి చేయును. ఆ ఆవిరి ఆక్రమించు చోటు సుమారు 150 లీటర్లు! ముఖము, చేతులు కాలుటకు క్షణము చాలును. సీసా ఉన్నచో నీటిమట్టమును మూత తెరవకయే చూడవచ్చును. ప్రాణరక్షణ దృష్ట్యా దాని పెద్ద ప్రయోజనమిదే.

స్వేదన జలములో కలుపు ఇథిలీన్ గ్లైకాల్ కూలెంటు తియ్యగానుండు విషము. కనుక తాగునీటి సీసాను ఇందుకు వాడరాదు. పిల్లలకు, పశువులకు అందనీయరాదు.

తరగతిలో ప్రయోగము

ఫ్లాస్కును రంగునీటితో అంచు వరకు నింపి, గాజుగొట్టము దూర్చిన బిరడాతో గట్టిగ మూయవలెను. ఆ గొట్టమునకు రబ్బరు గొట్టము తొడిగి, దానిని కూడ రంగునీటితో నింపి, రెండవ కొనను బీకరులోని నీటిలో ముంచవలెను. ఫ్లాస్కును వేడినీటి తొట్టిలో నిలిపినచో బీకరులో మట్టము పెరుగును. తీసి చల్లారనిచ్చినచో తగ్గును. తరువాత గొట్టపు కొనను నీటిపైకెత్తి మరల చేసి చూపినచో, ఫ్లాస్కులోనికి గాలి చేరుట విద్యార్థులకు కనబడును. పాత కారుకును, సీసా అమర్చిన కారుకును గల భేదము ఇంతియే.