ఈ అల్లికకు కూలి కట్టేదెవరు?

వశిష్ఠ గోదావరికి ఇటు నరసాపురం, అటు సఖినేటిపల్లి. పంటు ఎక్కి దాటే ఆ రేవుకు రెండువైపులా ఉన్న పల్లెల్లో మధ్యాహ్నం వంటపని తీరాక అరుగుల మీద లేసు మొదలవుతుంది. సన్నని కొక్కెం సూది, నూలు ఉండ ఉంటే చాలు. అక్కడ అల్లిన దిండు గలీబులు, టేబుల్ క్లాతులు, దుప్పట్లు బ్రిటన్, అమెరికా, ఫ్రాన్స్ దాకా వెళ్తాయి.

1844లో స్కాట్లండ్ నుంచి వచ్చిన మక్రే దంపతులు ఇక్కడి ఆడవాళ్లకు ఈ పని నేర్పారని చెబుతారు. ఎవరు తెచ్చినా ఇన్నేళ్లలో అది ఈ నేలదే అయిపోయింది. డెల్టా అంటే వరి, కొబ్బరి, చేపల చెరువులు. ఆ రాబడి ఎక్కువగా మగవాళ్ల చేతికి వెళ్తుంది. లేసు డబ్బు మాత్రం ఆడవాళ్లది. పిల్లల పుస్తకాలకో, మందులకో ఎవర్నీ అడగకుండా తీసి ఖర్చుపెట్టుకునే డబ్బు. ఈ కళను నిలబెట్టడమంటే ముందు ఆ డబ్బు పెరగాలి.

ఎందుకు పెరగదో 1982లోనే జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అనే పుస్తకంలో రాశారు. ఎగుమతిదారు నూలు ఏజెంటుకిస్తాడు, ఏజెంటు గడప గడపకూ పంచుతాడు. ఒకామె పువ్వులు అల్లుతుంది, మరొకామె వాటిని అతుకుతుంది. పూర్తయిన సరుకు ఏ దేశంలో ఎంతకు అమ్ముడైందో ఇద్దరికీ తెలియదు. ఇంటిపట్టున ఉండే ఆడవాళ్లు తీరిక వేళ చేసుకునే పనిగా దీన్ని చూడటం వల్లే కూలి అంత అడుగున ఉండిపోయిందని మీస్ వాదన. 'ఖాళీగా కూర్చోకుండా ఏదో అల్లుకుంటోంది' అని మనమూ ఎంత తేలిగ్గా అనేస్తాం! ప్రపంచానికి సరుకు పంపే కార్మికురాలి కష్టం ఆ ఒక్క మాటతో కాలక్షేపమైపోయింది.

తర్వాత నరసాపురంలో లేసు పార్కు వచ్చింది. 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. రెండూ మంచివే. చైనా మిషన్ లేసును నరసాపురం పేరుతో అమ్మకుండా ఆ గుర్తింపు అడ్డుకోగలదు. కానీ పువ్వుకు ఇంత అని ఏజెంటు కట్టే రేటు దానంతటది పెరగదు. ఈ పల్లెల నుంచే ఆడవాళ్లు ఇంటిపనికి గల్ఫ్ దేశాలకు వెళ్తున్నారు. అంత పనితనం ఉన్నచోట ఇల్లు విడిచి వెళ్లాల్సి రావడం నాకు బాధగా ఉంటుంది.

వెనిస్ దగ్గర బురానో దీవిలో 1872లో లేసు బడి పెట్టి, ఆరిపోతున్న అల్లికకు ఊపిరి పోశారు. 1970లో ఆ బడి మూతపడింది. ఇప్పుడు అదే భవనం లేసు మ్యూజియం. మనకింకా అల్లే చేతులు వేలల్లో ఉన్నాయి. సాయం అందాల్సింది ఇప్పుడే, ఆ చేతులకే.

ఆర్డరు వచ్చినప్పుడు కొనుగోలు ధర, పువ్వు కూలి, అతుకు కూలి పక్కపక్కనే రాసి ఊళ్లో అందరికీ కనబడేలా పెట్టాలి. మహిళా సంఘాలకు నూలు అప్పుగా ఇచ్చి, సరుకు నేరుగా అమ్ముకునే వీలు కల్పించాలి. కొత్త డిజైన్లు గీయడం అమ్మాయిలకు నేర్పి, ఆ గీతకూ విడిగా డబ్బు కట్టాలి. ఈ ఖర్చు కొత్త భవనం కంటే తక్కువే, కూలి లెక్క మాత్రం మొదటి ఆర్డరుతోనే బయటపడుతుంది.