మోకాలి ఆపరేషన్ తర్వాత ఇంట్లో ఆరు వారాలు



స్కాలర్‌షిప్ పత్రికలో మోకాళ్ళ గురించి వ్యాసమేమిటని కొందరు అనుకోవచ్చు. కారణం చెబుతాను. ట్రస్టుకు వచ్చే దరఖాస్తులను సరిచూసే పని కొన్నేళ్ళుగా నాది. గత సంవత్సరం రెన్యువల్‌కు వచ్చిన ఒక పి.యు.సి. అమ్మాయి హాజరు బాగా తగ్గి కనిపించింది. మార్కులు మంచివే, హాజరు లేదు. తండ్రిని పిలిచి అడిగితే, "అవ్వకు మోకాలు మార్పించినాము సార్. నేనూ, ఇంటావిడా పొద్దున్నే పట్టు తీసే పనికి పోవాల. చూసుకొనేవాళ్ళు లేక పాపను కాలేజీ మానిపించినాము" అన్నారు. ఎన్నాళ్ళని అడిగాను. రెండు నెలలట.

ఆ అవ్వను చూసి వద్దామని వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె మంచం మీద పడుకొని ఉంది. మోకాలి కింద మెత్తని దిండు. అమ్మాయి పక్కనే కూర్చొని విసురుతూ ఉంది. ఆ దిండును చూడగానే నాకు 2018 గుర్తుకు వచ్చింది. ఆ సంవత్సరం నా కుడి మోకాలికి బెంగళూరులో ఆపరేషన్ జరిగింది. ఇంటికి రాగానే చింతామణి నుంచి మా అక్కయ్య వచ్చి, సరిగ్గా అలాగే దిండు పెట్టి, "పాపం, నెల రోజులు వాణ్ణి కదిలించకండి" అని మా వాళ్ళకు ఆజ్ఞ వేసింది. నాకూ ఆ మాట అమృతంలాగే ఉండింది. దాని ఫలితం తర్వాత చెబుతాను.

ముందు ఈ ఆపరేషన్‌లో ఏం చేస్తారో తెలుసుకోవాలి. మోకాలు మార్చడమంటే కీలంతా పెరికి ఇంకొకటి బిగించడం కాదు. తొడ ఎముక చివర, కాలి ఎముక పైభాగం మధ్య ఉండే మృదులాస్థి అరిగిపోయి ఎముకకు ఎముక రాసుకోవడమే మన నొప్పికి మూలం. అరిగిన ఆ చివరలను కొన్ని మిల్లీమీటర్ల మేర కోసి, పైఎముకకు లోహపు తొడుగు, కింది ఎముకకు లోహపు పళ్ళెం అమర్చి, రెండింటి మధ్య పాలిథిలీన్ అనే గట్టి ప్లాస్టిక్ బిళ్ళ పెడతారు. కండరాలు మాత్రం మనవే. కాలిని నడిపించేది తొడ ముందుభాగపు కండరం. ఆపరేషన్ దెబ్బకు అది నీరసించి ఉంటుంది. పనిపెట్టకపోతే ఇంకా నీరసిస్తుంది.

ఇంకొక సంగతి. గాయం మానేటప్పుడు లోపల మచ్చకణజాలం పెరుగుతుంది. మన ఊరివాళ్ళకు దీన్ని చెప్పడం సులభం. పట్టుగూటి బంక వేడినీళ్ళలో ఉన్నంతసేపు మెత్తగా ఉండి పోగు వస్తుంది, ఆరితే మళ్ళీ బిగుసుకుంటుంది కదా. మొదటి వారాల్లో మోకాలి లోపలి పరిస్థితి కూడా ఇంచుమించు అంతే. ఆ సమయంలో వంచుతూ, చాపుతూ ఉంటే అది సాగుతుంది. కదలకుండా పడుకుంటే ఎలా పడుకున్నామో అలాగే బిగుసుకుంటుంది. మోకాలి కింద దిండు అందుకే కూడదు. పడుకున్నంతసేపు హాయిగానే ఉంటుంది, కాని కాలు కొంచెం వంగిన స్థితిలోనే నిలిచిపోతుంది. అలా నిలిచిన కాలితో నడిస్తే జీవితాంతం కుంటే. దిండు పెట్టాలంటే మడమ కింద పెట్టాలి. మోకాలు తన బరువుకు తానే కిందికి దిగుతుంది. కొంచెం నొప్పిగా ఉంటుంది, అయినా ఓర్చుకోవాలి.

నా సంగతికి వస్తాను. నేను మూడు వారాలు పడుకున్నాను. డాక్టరు గారు వ్యాయామాల కాగితం ఇచ్చారు. దాన్ని బీరువాలో బిల్లులతోపాటు భద్రంగా పెట్టాను! నొప్పిమాత్రలు మూత్రపిండాలకు చెడుపని ఎవరో చెప్పగా అవి కూడా మానేశాను. మాత్ర లేనందున నొప్పి, నొప్పి ఉన్నందున వ్యాయామం లేదు. ఆరో వారం చూపించుకొనేందుకు వెళితే మోకాలు డెబ్బై డిగ్రీలకు మించి వంగలేదు. చదునైన నేల మీద నడవడానికి అది చాలవచ్చు. మెట్లకు తొంభై దాకా కావాలి, కుర్చీలోనుంచి చేతులు ఊనకుండా లేవడానికి ఇంకొంచెం కావాలి. చివరకు ఎనిమిదో వారంలో మళ్ళీ ఆస్పత్రిలో చేర్చి, మత్తు ఇచ్చి, కాలిని బలవంతంగా వంచారు. మళ్ళీ ఖర్చు, మళ్ళీ మొదటినుంచి నొప్పి. ఇందులో ఆస్పత్రి తప్పు ఏమీ లేదు. తప్పు నాది, కొంత మా అక్కయ్య ప్రేమది.

2022లో ఎడమ మోకాలికి ఆపరేషన్ జరిగినప్పుడు ఇంట్లో అందరం ముందే కూర్చొని మాట్లాడుకున్నాము. ఎవరూ పని మానలేదు, పదో తరగతిలో ఉన్న మనవడు ఒక్కరోజూ బడి మానలేదు. రోజుకు మూడు పూటలు, పూటకు అరగంట. అంతే. పొద్దున బడికి పోకముందు మనవడు, మధ్యాహ్నం నా భార్య, సాయంత్రం మా అబ్బాయి. వ్యాయామానికి అరగంట ముందు డాక్టరు రాసిన మోతాదులో నొప్పిమాత్ర. పాదాన్ని పైకీ కిందికీ ఆడించడం, మోకాలిని మంచానికి అదిమి తొడ కండరాన్ని బిగించడం, కాలిని చాచి అలాగే పైకెత్తడం, మడమను పరుపు మీద జరుపుతూ మోకాలిని వంచడం, కుర్చీ మీద కూర్చొని కాలిని వెనక్కు లాగడం, ఇవే ముఖ్యమైనవి. అయ్యాక మంచుముక్కలను గుడ్డలో చుట్టి పదిహేను, ఇరవై నిమిషాలు పెట్టేవారు. వేడి కాపడం, నూనె మర్దన, ఆకు కట్టు వంటివి గాయం దగ్గరికి రానీయలేదు. మిగతా సమయంలో నాకు ఎవరి కాపలా అక్కరలేదు. గంటకొకసారి వాకరుతో హాలులో నాలుగు అడుగులు వేసేవాణ్ణి.

కొలత మా మనవడి ఆలోచన. వారానికొకసారి నేను వంచగలిగినంత వంచితే పక్కనుంచి ఫోటో తీసి, కంపాసు పెట్టెలోని ప్రొట్రాక్టరుతో కోణం కొలిచి పుస్తకంలో రాసేవాడు. "తాతా, పోయిన వారం డెబ్బై ఎనిమిది, ఈ వారం ఎనభై ఆరు" అని చెప్పేవాడు. నలభై ఏళ్ళు లెడ్జర్లు రాసినవాణ్ణి, బ్యాలెన్సు పెరుగుతూ ఉంటే నాకు ఎంత సంతోషమో వేరే చెప్పాలా? మూడో వారానికి తొంభై దాటింది. మూడు నెలలకు నూట పదిహేను. మొదటి మోకాలు ఈనాటికీ నూరు దగ్గరే ఆగి ఉంది.

సాధారణంగా ఆపరేషన్ రోజునో, మరుసటి రోజునో లేపి నిలబెడతారు. రెండు, మూడు వారాలు వాకరు, ఆ తర్వాత చేతికర్ర. కర్రను ఆపరేషన్ అయిన కాలివైపు పట్టుకొనేవాళ్ళే ఎక్కువ. అది తప్పు, ఎదుటి చేతిలో పట్టుకోవాలి. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. మోకాలి చుట్టూ వాపు, వెచ్చదనం కొన్ని నెలలు ఉంటాయి. మచ్చకు బయటివైపు కొంతమేర స్పర్శ తెలియదు, నడిచేటప్పుడు టక్కుమని చప్పుడు రావచ్చు. వీటికి భయపడనక్కరలేదు. రాత్రిళ్ళు నిద్ర పట్టదు. మూడో వారం ప్రాంతంలో "ఎందుకు చేయించుకున్నానురా దేవుడా" అనే విచారం కూడా వస్తుంది. నాకు రెండుసార్లూ వచ్చింది. ఇంట్లోవాళ్ళు దానికి పోట్లాడక, మరుసటి పూట వ్యాయామం మాత్రం తప్పనీయకుండా చూడాలి.

కాని కొన్నింటికి ఆలస్యం చేయకూడదు. గాయంనుంచి చీము గాని, ఆగని స్రావం గాని వచ్చినా, ఎరుపు పెరుగుతూ జ్వరం వచ్చినా ఆ రోజే ఆపరేషన్ చేసిన డాక్టరుకు తెలపాలి. పిక్క వాచి, నొక్కితే నొప్పి ఉంటే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అకస్మాత్తుగా ఆయాసం, ఛాతీలో నొప్పి వస్తే ఆ గడ్డ ఊపిరితిత్తులకు చేరిందేమో అనుకొని వెంటనే 108 పిలవాలి, తెల్లవారనీ అనుకోకూడదు. రక్తం పలచబడే మందు ఇచ్చి ఉంటే చెప్పినన్ని రోజులు వాడాలి. మధుమేహం ఉన్నవారు ఆపరేషన్‌కు ముందే చక్కెరను అదుపులోకి తెచ్చుకోవాలి. పుచ్చిన పళ్ళకు కూడా ముందే వైద్యం చేయించుకోవాలి, అక్కడి క్రిములు రక్తం ద్వారా కొత్త కీలుకు చేరవచ్చు.

మన ఇళ్ళను కూడా ముందే సిద్ధం చేసుకోవాలి. మన పాత ఇళ్ళలో గడపలు ఎత్తు, మరుగుదొడ్డి నేలమట్టం, స్నానాలగది బండలు జారుతాయి. కమోడు కుర్చీ ఒకటి, గోడకు పట్టుకొనే కడ్డీ ఒకటి, ఎత్తైన మంచం, చేతులున్న కుర్చీ, ఇవి ఉంటే సగం భయం పోతుంది. నేలమీద చాపలు, పట్టాలు తీసేయాలి. నేలమీద బాసిపెట్టు వేసి కూర్చోవడం, గొంతుకూర్చోవడం ఇక మీదట వద్దనే చాలామంది డాక్టర్లు చెబుతారు. పెళ్ళిళ్ళలో పంక్తిభోజనానికి నాకు ఒక్కడికే కుర్చీ వేస్తే మొదట్లో సిగ్గుగా ఉండేది. ఇప్పుడు నా పక్కన ఇంకో నలుగురు ఉంటారు.

ఖర్చు విషయం ఒక మాట. 2017 ఆగస్టులో కేంద్రప్రభుత్వపు ఔషధ ధరల సంస్థ మోకాలి పరికరాలకు గరిష్ఠ ధర నిర్ణయించింది. ఎక్కువగా వాడే కోబాల్టు క్రోమియం రకం అప్పటిదాకా సగటున లక్షన్నరకు పైగా ఉండగా, దాన్ని పన్ను కాక 54,720 రూపాయలకు తగ్గించారు. తర్వాత ఆ ధరను అప్పుడప్పుడు సవరిస్తూ వచ్చారు. ఈ పరిమితి పరికరానికి మాత్రమే. గది, డాక్టరు, మందులు వేరు. కనుక బిల్లులో పరికరం ధర, కంపెనీ పేరు, నంబరు విడిగా చూపమని అడగండి. పెట్టెపై ఉన్న స్టిక్కరును కూడా దాచుకోండి, పదిహేనేళ్ళ తర్వాత అవసరపడవచ్చు. రేషన్ కార్డు ఉన్నవారు ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య కర్ణాటక కింద ఏమి వీలున్నదో ముందుగా ప్రభుత్వాస్పత్రిలో విచారించి, రిఫరల్ తీసుకోవడం మంచిది. అప్పు చేసిన తర్వాత విచారిస్తే ప్రయోజనం లేదు.

"ఈ వయసులో మాకెందుకు, ఎన్నాళ్ళు వస్తుంది" అనే పెద్దలున్నారు. ఇలాంటి కీళ్ళలో నూటికి ఎనభై దాకా పాతికేళ్ళు నిలుస్తున్నాయని 2019లో లాన్సెట్ వైద్యపత్రికలో వచ్చింది. వాజపేయి గారు ప్రధానిగా ఉండగా, 2000 అక్టోబరులో తన 75వ ఏట ఎడమ మోకాలు, 2001 జూన్‌లో కుడి మోకాలు ముంబయి బ్రీచ్ కాండీ ఆస్పత్రిలో మార్పించుకున్నారు. చేసినది న్యూయార్కునుంచి వచ్చిన డాక్టర్ చిత్తరంజన్ రణావత్. 1970లలో అక్కడ నేటి మోకాలి పరికరాలకు మూలమైన నమూనాను రూపొందించినవారిలో ఈయన ఒకరు. జూన్‌లో రెండో ఆపరేషన్ అయిన వాజపేయి గారు జూలై నడుమ ఆగ్రాలో ముషారఫ్‌తో శిఖరాగ్ర సమావేశంలో కూర్చున్నారు. ఆయనకు సేవకులు ఎందరో ఉంటారు, నిజమే. కాని కాలిని వంచుకోవలసింది ఆయనే కదా.

మళ్ళీ ఆ అమ్మాయి ఇంటి సంగతి. ఆ రోజే దిండు తీసి మడమ కింద పెట్టించాను. అవ్వ నన్ను కొంచెం తిట్టింది. మరుసటి వారం డాక్టరుకు చూపించి, చిక్కబళ్ళాపురంలో ఫిజియోథెరపీకి వారానికి రెండు రోజులు వెళ్ళేలా ఏర్పాటయింది. తండ్రి పొద్దుటి పూట, తల్లి సాయంత్రం, పాప రాత్రి చదువుకు ముందు వంతులు వేసుకున్నారు. ఆలస్యమైనందున అవ్వ కాలు పూర్తిగా చాపడం రాలేదు గాని కర్రతో గుడిదాకా వెళ్ళి వస్తోంది. అమ్మాయి సోమవారంనుంచి కాలేజీకి వెళ్ళింది. హాజరు విషయమై ప్రిన్సిపాలు గారికి డాక్టరు కాగితాలతో అర్జీ పెట్టుకున్నారు. రెన్యువల్‌ను కమిటీ ఆమోదించింది. ఇలాంటి ఇబ్బంది వచ్చినవారు హాజరు తగ్గకముందే ట్రస్టుకు ఒక చీటీ రాస్తే మాకూ సులభం.

నా వాకరు, చేతికర్ర, కమోడు కుర్చీ మూడూ ట్రస్టు కార్యాలయంలో పెట్టాను. కావలసినవారు పుస్తకంలో సంతకం చేసి తీసుకుపోవచ్చు. వాకరు ఎత్తు మనిషిని బట్టి మార్చుకోవాలి. నిలబడి చేతులు వదిలితే పిడి మణికట్టు దగ్గరికి రావాలి. పని అయ్యాక కాళ్ళకున్న రబ్బరు బిరడాలు పోగొట్టకుండా తిరిగి ఇవ్వగలరు.