సెల్లుతో బోరు మోటరు: కొనే ముందు తెలుసుకోండి

రాత్రి కరెంటు వస్తే టార్చిలైటు పట్టుకొని చీకట్లో బోరు దగ్గరకు ఉరకడం బషీరాబాద్, తాండూరు మండలాల రైతులకు ఏళ్ల తరబడి ఉన్న తిప్పలే. ఆ తిప్పలు తప్పించుకోవడానికే చాలామంది ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలైనప్పుడు వాటిని తీసేయాలని అధికారులు ఊరూరా చెప్పారు. అవి ఉంటే మోటర్లు ఆగకుండా నడిచి భూమిలో నీళ్లు అడుగంటుతాయని వారి భయం. ఇప్పుడు సెల్‌ఫోనుతో మోటరు నడిపే పరికరాలు దుకాణాల్లో దొరుకుతున్నాయి. డబ్బులు పెట్టే ముందు అవి ఎలా పనిచేస్తాయో తెలుసుకోవడం మంచిది.

బొమ్మ మోటరుతో పోలిక

బడి పిల్లలు కంప్యూటరుతో బొమ్మ మోటరు తిప్పడం కొందరు చూసే ఉంటారు. మామూలు యూఎస్‌బీ రంధ్రం నుంచి వచ్చేది 5 వోల్టులు, అర ఆంపియరు కరెంటు మాత్రమే. మోటరు కదిలే క్షణంలో అంతకన్నా ఎక్కువ గుంజవచ్చు. నేరుగా తగిలిస్తే కంప్యూటరుకే దెబ్బ. అందుకని మధ్యలో కంట్రోలరు అనే చిన్న బిళ్ల పెడతారు. మోటరుకు కరెంటు వేరే బ్యాటరీ నుంచి ఇస్తారు. కంప్యూటరు హుకుం మాత్రమే ఇస్తుంది, బరువు మోసేది బ్యాటరీ.

మన బోరు దగ్గర జరిగేదీ ఇదే. 5 హెచ్‌పీ మోటరు అంటే సుమారు 3,730 వాట్లు. స్టార్టరులో పచ్చ బటను నొక్కితే లోపలి కాయిలుకు కరెంటు అంది అది అయస్కాంతంగా మారుతుంది. పాయింట్లను లాగి అతికిస్తుంది. అప్పుడు మూడు ఫేజుల కరెంటు మోటరుకు పోతుంది. సెల్లు పరికరంలోని చిన్న రిలే మన వేలికి బదులు ఆ బటను పని చేస్తుంది, అంతే. కాబట్టి స్టార్టరు పాయింట్లు కాలిపోయి ఉంటే ఎంత ఖరీదైన పరికరం పెట్టినా లాభం లేదు.

ఏమేమి ఉండాలి?

* ఫేజు రక్షణ: నడుస్తున్న మోటరుకు ఒక ఫేజు పోతే మిగతా వాటి మీద భారం పడి వైండింగు కాలుతుంది. వెంటనే ఆపే ఏర్పాటు తప్పనిసరి.

* నీళ్లు లేనప్పుడు ఆగడం: బోరులో దిగిన మోటరును చల్లబరిచేది నీళ్లే. నీళ్లు అందకపోతే మోటరు గుంజే కరెంటు తగ్గుతుంది. ఆ తగ్గుదలను కనిపెట్టి ఆపేసే పరికరం కొనాలి. ఎండాకాలంలో ఇది మోటరును కాపాడుతుంది.

* జవాబు: మోటరు నిజంగా నడుస్తున్నదా, ఎందుకు ఆగింది అన్నది తిరిగి ఫోనుకు తెలియాలి.

* సిగ్నలు: బోరు దగ్గర ఏ కంపెనీ సిగ్నలు అందుతుందో ముందే చూసుకోవాలి. 2జీ మీద పనిచేసే పరికరంలో 4జీ మాత్రమే ఉన్న కంపెనీ సిమ్ము పనిచేయదు.

* టైము: గంటో, రెండు గంటలో నడిచి దానంతట అదే ఆగేలా పెట్టుకునే వీలుండాలి.

ఈ పరికరాల్లో కొన్నింటికి ఆటో పద్ధతి కూడా ఉంటుంది. దాన్ని ఆన్‌లో ఉంచితే పాత ఆటో స్టార్టరుకూ దీనికీ తేడా ఉండదు. కరెంటు రాగానే అందరి మోటర్లు ఒక్కసారే లేస్తే ట్రాన్స్‌ఫార్మరు మీద భారం పడుతుంది, మడి నిండినా నీళ్లు పారుతూనే ఉంటాయి. ఒక్క బోరు మీదే బతికే చిన్న రైతుకు నీటి నష్టమే పెద్ద నష్టం.

ప్రాణం జాగ్రత్త

సెల్లు పెట్టాక కొత్త ప్రమాదం ఒకటుంది. ఒకరు స్టార్టరు విప్పి పని చేస్తుండగా ఇంటి దగ్గర ఇంకొకరు ఫోను నొక్కవచ్చు. మోటరు ఆగి ఉన్నంత మాత్రాన డబ్బాలో కరెంటు లేదని అనుకోవద్దు. ముందు మెయిన్ స్విచ్చి ఆపి, ఫీజులు తీసి దగ్గర పెట్టుకోవాలి. తర్వాతే మూత తీయాలి. తడి చేతులతో, చెప్పులు లేకుండా ముట్టరాదు. ఇనుప డబ్బాకు ఎర్తింగు తప్పక ఉండాలి. పరికరాన్ని తెలిసిన ఎలక్ట్రీషియన్ చేతనే బిగించుకోవాలి. లైను మీద గానీ ట్రాన్స్‌ఫార్మరు దగ్గర గానీ లోపం ఉంటే సొంతంగా ఎక్కకుండా 1912కు ఫోను చేయాలి.

సెల్లు చేతిలో ఉన్నా వారానికి ఒకసారైనా బోరు దగ్గరకు వెళ్లి వైర్లు, పాయింట్లు, పారే నీళ్లు కళ్లారా చూసుకోవడం మానవద్దు.