పత్తి, మిరప, పొగాకు నేలలో పసిపిల్లలు: మీకు తెలుసా?

ఒంగోలు చుట్టుపక్కల పల్లెల్లో పిల్లలు పెరిగేది పొలం గట్ల మీద, కల్లాల్లో, బోర్ల పక్కన. అక్కడ పొంచి ఉన్న అపాయాల్లో చాలావరకు ముందే తెలిస్తే తప్పించగలిగినవే. అందుకే ఈ విశేషాలు.

● నీటిలోని ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ మన దేశంలో మొట్టమొదట బయటపడిన చోట్లలో అప్పటి నెల్లూరు జిల్లా ఒకటి. వైద్యులు 1937లో దీని గురించి రాశారు. ఆ రోజుల్లో పొదిలి, దర్శి, కనిగిరి ఆ జిల్లాలోవే. 1970లో ఒంగోలు జిల్లాలో కలిశాయి. నీళ్లు కాచితే ఫ్లోరైడ్ పోదు, నీరు ఇగిరినకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. శాశ్వత దంతాలు చిగుళ్ల లోపల తయారయ్యేది ఎనిమిదేళ్ల లోపే. అప్పుడు ఫ్లోరైడ్ వల్ల పళ్లకు పడిన మచ్చ తోమితే పోదు. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీరు పిల్లలకు తాగించకూడదు. మీ బోరు నీటిని ఒకసారి పరీక్ష చేయించండి.

● 2013 జులైలో బిహార్‌లోని గండామన్ బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది. మన పత్తి చేలల్లో ఏళ్ల తరబడి కొట్టిన మందే అది! పురుగుమందు డబ్బాను ఎంత కడిగినా మళ్లీ ఇంట్లో వాడవద్దు. డబ్బా మీద ఎర్ర త్రికోణం ఉంటే అత్యంత విషపూరితమని గుర్తు. మందు కొట్టి వచ్చినవాళ్లు స్నానం చేసి, బట్టలు మార్చాకే పిల్లల్ని ఎత్తుకోవాలి.

● మిరపకాయ మంట నీళ్లకు లొంగదు. చేతులకు ముందు నూనె రాసి తుడిచి, తర్వాత సబ్బుతో కడగాలి. కంట్లో పడితే మాత్రం నలపకుండా మంచినీళ్లతో ఆగకుండా కడగాలి.

● తడిసిన పచ్చి పొగాకు ఆకు ముట్టుకుంటే నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి ఎక్కుతుంది. వాంతులు, తల తిరగడం మొదలవుతాయి. చిన్న ఒంటికి కొద్దిపాటి నికోటినే ఎక్కువ. సెలవుల్లో సైతం పిల్లల్ని ఆ పనికి పంపవద్దు.

● కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. దాని కాటుకు చాలాసార్లు నొప్పే తెలియదు. కల్లం దగ్గర కాపలాకు వెళ్లినప్పుడు పిల్లల్ని నేల మీద కాకుండా మంచం మీద, దోమతెర కట్టి పడుకోబెట్టండి. పొద్దున్నే కడుపునొప్పి వచ్చి, కనురెప్పలు వాలిపోతుంటే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

● 2017 ఆగస్టులో వినుకొండ దగ్గర ఉమ్మడివరంలో రెండేళ్ల బాబు పాడుబడ్డ బోరులో పడ్డాడు. పక్కనే గొయ్యి తవ్వి ప్రాణాలతో బయటికి తీశారు. అందరికీ అంత అదృష్టం పట్టదు. పనికిరాని బోరును నేలమట్టం దాకా మట్టితోనో ఇసుకతోనో పూడ్చాలని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది.

● పాకే బిడ్డ బకెట్ అడుగున ఉన్న కొద్ది నీళ్లలో కూడా మునిగిపోగలదు, అరుపు కూడా వినిపించదు. వాడుకున్నాక బకెట్ బోర్లించండి.

● రెంటచింతల ఎండల సంగతి తెలిసిందే. అంత వేసవిలోనూ ఆరు నెలల లోపు బిడ్డకు నీళ్లు పట్టనక్కర్లేదు. తల్లిపాలు మరిన్నిసార్లు ఇస్తే చాలు.

● 108 అంబులెన్స్ సేవ మన రాష్ట్రంలో 2005 ఆగస్టు 15న మొదలైంది. బిడ్డ పురుగుమందు మింగితే 108కి ఫోన్ చేయండి, మీరే వాంతి చేయించకండి, ఆ మందు డబ్బా వెంట తీసుకెళ్లండి. దాని మీది పేరు చూస్తే డాక్టరుకు అది ఏ విషమో వెంటనే తెలుస్తుంది. మాటలొచ్చిన పిల్లలకు 108తో పాటు ఊరి పేరు, వీధి గుర్తు చెప్పడం నేర్పండి.