దూరం నుంచి పాలన – దగ్గరగా వినే చెవి



2020 ఏప్రిల్ నెల మీకు గుర్తుండే ఉంటుంది. మంచి శుక్రవారం, ఈస్టరు ఆరాధనలు సైతం ఫోన్లలోనే జరుపుకున్న రోజులవి. మా సంఘ కమిటీ అప్పుడు వాట్సాప్‌లోనే కూడుకొనేది. ఇబ్బందుల్లో ఉన్న కుటుంబాలకు బియ్యం, పప్పు, నూనె పంచాలని అందులోనే తీర్మానించాం. జాబితా కూడా అందులోనే తయారైంది. పంపిణీ సజావుగా ముగిసిందని దేవునికి స్తోత్రాలు చెల్లించుకున్నాం.

జూన్ 8 తర్వాత మందిరాలు తెరవడానికి అనుమతి వచ్చింది. తలుపులు తెరిచిన కొద్ది వారాలకు, కొండవాలు కాలనీలో ఒంటరిగా ఉండే ఒక పెద్దావిడ ఆరాధన అయ్యాక మా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, మా వీధిలో ముగ్గురం ఉన్నామండి. మావైపు ఎవరూ రాలేదు" అన్నది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. జరిగింది చెప్పింది, అంతే. ముగ్గురూ విధవరాండ్రే. ముగ్గురి దగ్గరా స్మార్ట్‌ఫోన్ లేదు. గ్రూపులో లేరు కనుక జాబితాలోనూ లేరు. మాలో ఎవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. అయినా పొరపాటు జరిగిపోయింది, పైగా దాన్ని మాకు చూపించే దారి కూడా ఆ రెండు నెలలూ మూసుకుపోయింది.

ఆనాటి నుంచి ఒక ప్రశ్న మమ్మల్ని విడవలేదు. నాలుగు వందల కుటుంబాల సంఘంలోనే ఇలా జరిగితే, లక్షల జనమున్న నగరాన్ని దూరం నుంచి నడిపినప్పుడు ఏమవుతుంది? తెర మీద సభ పెడితే అది సభే అవుతుందా? విశాఖపట్నం అనుభవాన్ని ముందు పెట్టుకొని, ఈ వారం ఆ సంగతిని వివరంగా ఆలోచిద్దాం.

కౌన్సిల్ ఎందుకు?

మనం జీవీఎంసీ అని పిలుచుకొనే మహా విశాఖ నగరపాలక సంస్థ 2005లో గాజువాక మున్సిపాలిటీని, చుట్టుపక్కల గ్రామాలను కలుపుకొని ఏర్పడింది. 2011 జనాభా లెక్కల నాటికే ఇక్కడ 17 లక్షలకు పైగా జనం. ఇంత పెద్ద ఊరిలో రోజువారీ పనులు నడిపేది కమిషనర్, ఆయన కింది అధికారులు. డబ్బు దేనికి ఖర్చు చేయాలి, ఏ వీధికి ముందు నీళ్లు రావాలి అని తేల్చవలసింది, జరిగిన పనికి లెక్క అడగవలసింది మాత్రం ప్రజలు ఎన్నుకొన్న కౌన్సిల్.

రాజ్యాంగానికి చేసిన 74వ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. పట్టణ పాలక మండలి కాలపరిమితి ఐదేళ్లని, అది ముగిసేలోపే కొత్త ఎన్నిక జరగాలని ఆ సవరణ చెబుతోంది. తాగునీరు, పారిశుద్ధ్యం, ప్రజారోగ్యం, మురికివాడల అభివృద్ధి వంటి 18 అంశాలను స్థానిక సంస్థలకు అప్పగించదగినవిగా పన్నెండవ షెడ్యూలు పేర్కొంది. వాటిలో ప్రజారోగ్యం ఉందన్న సంగతి గమనించండి. మహమ్మారి వచ్చినప్పుడు ముందుగా పలకవలసిన సభ ఇదే.

కార్పొరేటర్ అంటే మన వార్డు పేరున ఆ సభలో లేచి నిలబడే మనిషి. "మా వీధికి మందు ఎందుకు కొట్టలేదు?" అని అతడో ఆమెో అడిగితే అధికారి జవాబు చెప్పాలి. ఆ ప్రశ్న, ఆ జవాబు రికార్డులోకి ఎక్కుతాయి. కౌన్సిల్ విలువంతా ఇందులోనే ఉంది.

తెర పెట్టడానికి సభే లేదు

మరి 2020లో విశాఖ కౌన్సిల్ ఆన్‌లైన్‌లో కూడిందా? లేదు. కూడడానికి కౌన్సిలే లేదు.

2007లో ఎన్నికైన పాలక మండలి కాలం 2012 ఆరంభంలో ముగిసింది. ఆ తర్వాత భీమిలి, అనకాపల్లి విలీనాలని, వార్డుల విభజనని, కోర్టు వ్యాజ్యాలని ఎన్నికలు ముందుకు జరుగుతూ పోయాయి. తొమ్మిదేళ్లు ప్రత్యేకాధికారి పాలనే సాగింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను నగరాన్ని చితకగొట్టిన నాడు కూడా మనకు కార్పొరేటర్లు లేరు.

చివరికి 2020 మార్చి 23న పోలింగ్ అని తేదీ నిర్ణయమైంది. కరోనా కారణంగా మార్చి 15న రాష్ట్ర ఎన్నికల కమిషనర్ ఎన్నికలను ఆరు వారాలు వాయిదా వేశారు. 22న జనతా కర్ఫ్యూ, 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్. ఆరు వారాల వాయిదా కాస్తా ఏడాదికి చేరింది. 2021 మార్చి 10న 98 వార్డులకు పోలింగ్ జరిగింది. 14న ఫలితాలు వచ్చాయి. 18న గొలగాని హరి వెంకట కుమారి మేయరుగా ఎన్నికయ్యారు.

అంటే మహమ్మారి మొదటి ఏడాదంతా నగరపాలన అధికారుల చేతుల మీదుగా, ఫోన్లు, వీడియో కాన్ఫరెన్సుల ద్వారా నడిచింది.

జరిగిన మేలు

మేలును మేలుగా చెప్పడం క్రైస్తవ ధర్మం. ప్రసవమైన కొద్ది వారాలకే అప్పటి కమిషనర్ జి. సృజన పసిబిడ్డతో విధుల్లోకి తిరిగి వచ్చారు. 2019 అక్టోబరులో మొదలైన వార్డు సచివాలయాలు అప్పటికే వీధివీధినా ఉన్నాయి. నగరాల్లో యాభై నుంచి వంద ఇళ్లకు ఒకరు చొప్పున వాలంటీర్లు ఇల్లిల్లూ తిరిగి విదేశాల నుంచి వచ్చినవారి వివరాలు, జ్వరపీడితుల వివరాలు సేకరించి ఫోన్ ద్వారా పైకి పంపారు. ఏప్రిల్ మొదటి వారంలో బియ్యం కార్డున్న కుటుంబాలకు 1000 రూపాయలు ఇంటి దగ్గరే అందించారు. కిక్కిరిసే రైతుబజార్లను ఖాళీ మైదానాలకు తరలించారు.

ఇంకొక సంగతి కూడా మరువరాదు. అధికారులు తెర మీద మాట్లాడుకోగలిగారంటే, పారిశుద్ధ్య కార్మికులు రోడ్డు మీద ఉండబట్టే. చెత్త ఎత్తడం, కాలువ తీయడం, మందు పిచికారీ చేయడం వీడియో కాల్‌లో జరిగే పనులు కావు. వారిలో మన సంఘాలవారు ఎందరో ఉన్నారు. ఇంటికి తిరిగి వచ్చి పిల్లలను ముట్టుకోవడానికి భయపడిన తల్లులను మేమెరుగుదుము.

జరగనిది

ఇంత చేసినా ఒక కొరత మిగిలింది. వాలంటీరు పైనుంచి వచ్చిన సహాయాన్ని కిందికి తెచ్చేవాడు, కింది సమాచారాన్ని పైకి పంపేవాడు. అది విలువైన సేవే. కానీ అతడు నియమితుడు, ఎన్నికైనవాడు కాడు. "ఈ నిర్ణయం తప్పు, మార్చండి" అని సభలో అడిగే అధికారం అతనికి ఉండేది కాదు.

2020 మే 7 తెల్లవారుజామున ఆర్‌.ఆర్‌. వెంకటాపురం దగ్గర ఎల్జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ ఆవిరి లీకైంది. పన్నెండుమంది ప్రాణాలు కోల్పోయారు. వందలమంది ఆసుపత్రి పాలయ్యారు. ముఖ్యమంత్రి వచ్చారు, కమిటీలు వచ్చాయి. కర్మాగారాల అనుమతులు నగర కౌన్సిల్ ఒక్కదాని చేతిలో ఉండేవి కావన్నది నిజమే. కానీ ఆ బాధితుల పేరున నగర సభలో లేచి, నెల తర్వాత నెల అదే ప్రశ్న అడగగల కార్పొరేటర్ ఆ నాడు ఒక్కరూ లేరు.

అదే ఏడాది నవంబరులో ఆస్తి పన్నును అద్దె విలువకు బదులు మూలధన విలువ మీద లెక్కించేలా రాష్ట్ర చట్టం మారింది. అది మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ. మన ఇంటి మీద పడే పన్నుకు సంబంధించిన మార్పు వచ్చిన వేళ మన నగరానికి ఎన్నికైన సభ లేదన్నదే ఇక్కడ మేము చెప్పదలచినది.

2021 ఏప్రిల్‌లో రెండో ఉద్ధృతి వచ్చింది. మన ఉక్కు కర్మాగారం నుంచి ఆక్సిజన్ ట్యాంకర్లు రైలెక్కి మహారాష్ట్రకు వెళ్లిన రోజులవి. ఆసుపత్రిలో మంచం కోసం మా సంఘస్థులు కొందరు, అప్పుడే ఎన్నికైన తమ కార్పొరేటర్‌కు ఫోన్ చేయడం చూశాం. అన్నిసార్లూ మంచం దొరకలేదు. కానీ ఎవరిని అడగాలో, రేపు ఎవరిని నిలదీయాలో వారికి తెలిసింది. ఏడాది ముందు అదీ తెలియలేదు.

ఇతర చోట్ల ఏం చేశారు?

సభలున్న చోట్ల తెరను వాడుకున్నారు. 2020 జూన్ 16న మన రాష్ట్ర గవర్నర్ బిశ్వభూషణ్ హరిచందన్ రాజ్‌భవన్ నుంచే వీడియో ద్వారా ఉభయ సభలనుద్దేశించి ప్రసంగించారు. 2021 జూన్ చివరి వారంలో హైదరాబాద్ నగరపాలక సంస్థ 150 డివిజన్ల సభ్యులతో ఆన్‌లైన్‌లో సర్వసభ్య సమావేశం జరిపింది. ఎదురెదురుగా కూర్చొని మాట్లాడే సమావేశమే కావాలని ప్రతిపక్ష సభ్యులు పట్టుబట్టారు. ఆ కోరికను తేలికగా తీసివేయలేం. హాలులో లేచి నిలబడిన సభ్యుణ్ణి అందరూ చూస్తారు. తెర మీద ఒక మీట నొక్కితే అతని గొంతు ఆగిపోతుంది.

ఇంగ్లండులో 2020 ఏప్రిల్‌లో ప్రత్యేక నిబంధనల ద్వారా స్థానిక కౌన్సిళ్లకు ఆన్‌లైన్ సమావేశాలకు అనుమతినిచ్చారు. ఆ గడువు 2021 మే మొదటి వారంలో తీరిపోయింది. 1972 నాటి చట్టంలో సమావేశమంటే మనుషులు ఒకచోట కూడడమేనని అక్కడి హైకోర్టు తీర్పిచ్చింది. వృద్ధులు, రోగులు, పసిబిడ్డల తల్లులు తెర ద్వారానైనా పాల్గొనగలిగారు కదా, ఆ వీలును ఎందుకు తీసివేయాలని చాలామంది బాధపడ్డారు. ఆ బాధలోనూ న్యాయముంది.

కాబట్టి తెర శత్రువు కాదు, రక్షకుడూ కాదు. మాట్లాడే హక్కున్న మనిషి ఒకవైపు, జవాబు చెప్పే బాధ్యత ఉన్న మనిషి మరొకవైపు ఉంటే, కష్టకాలంలో తెర వారిద్దరినీ కలుపుతుంది. ఆ ఇద్దరిలో ఒకరు లేకపోతే ఎంత మంచి యంత్రమైనా ఆ లోటు తీర్చలేదు.

వాక్యపు వెలుగులో

అపొస్తలుడైన పౌలు చెరసాలలో ఉండి సంఘాలను పత్రికల ద్వారా నడిపించాడు. అదీ దూరం నుంచి జరిగిన పరిచర్యే. కానీ ఆయన పత్రికను ఒంటరిగా పంపలేదు. ఫిలిప్పీకి ఎపఫ్రొదితును, కొలొస్సయికి తుకికును పంపాడు. చదివి వినిపించడానికి, ప్రశ్నలకు జవాబివ్వడానికి, అక్కడి కన్నీళ్లు తిరిగి పౌలుకు చెప్పడానికి ఒక మనిషి ఉన్నాడు. యోహాను తన రెండవ, మూడవ పత్రికల ముగింపులో, సిరాతో రాయడం కంటే ముఖాముఖిగా మాట్లాడాలన్నదే తన ఆశ అని తెలియజేశాడు.

ఇక అపొస్తలుల కార్యములు ఆరవ అధ్యాయం మనకు మరీ దగ్గరిది. అనుదిన పరిచర్యలో గ్రీకుభాష మాట్లాడే విధవరాండ్రు విస్మరించబడ్డారు. ఆ సణుగుడు అపొస్తలుల చెవిని పడింది. వారు తామే ఏడుగురిని నియమించి ఊరుకోలేదు. శిష్యుల సమూహమంతటినీ పిలిచి, మీరే ఏర్పరచుకొనండని చెప్పారు. విస్మరించబడినవారికి రొట్టె దొరికింది, దానితోపాటు సభలో చోటు కూడా దొరికింది.

మనం చేయవలసినవి

మొదటిది, మీ వార్డు సంఖ్య, సచివాలయం, వార్డు ప్రతినిధి ఎవరో తెలుసుకోండి. ఎన్నిక రోజున ఓటు వేయండి. స్థానిక ఎన్నికలు ఆలస్యమైతే, ఏ పార్టీ అధికారంలో ఉన్నా, మర్యాదగా, గట్టిగా అడగండి. నగర క్షేమాన్ని వెదకుమని యిర్మీయా చెరలో ఉన్నవారికే చెప్పాడు. స్వేచ్ఛగా ఉన్న మనకు ఆ బాధ్యత మరింత ఎక్కువ.

రెండవది, ప్రతి సంఘంలో ఫోన్ లేనివారి జాబితా ఒకటి ఉండాలి. కాగితం మీద, పాస్టరు గారి బైబిలు పక్కన ఉండాలి. తుఫానైనా, తెగులైనా, ముందు ఆ ఇళ్లకు మనిషి వెళ్లాలి.

మూడవది, కమిటీ ఆన్‌లైన్‌లో కూడక తప్పకపోతే, డబ్బుకు, సహాయానికి సంబంధించిన ప్రతి తీర్మానాన్ని తరువాతి ఆరాధనలో అందరి ముందు చదివి వినిపించాలి. "ఎవరినైనా మరిచామా?" అని అడిగి, జవాబు కోసం ఆగాలి.

ఆ ముగ్గురు తల్లుల ఇంటికి మేము ఆ ఆదివారం సాయంత్రమే వెళ్లాం. క్షమించమని అడిగాం. వారిలో ఒకరు ఇప్పుడు మా సహాయ కమిటీలో ఉన్నారు. జాబితా రాసేటప్పుడు మేము మరిచిన వీధులు ఆమె చెబుతుంటారు.

వినే చెవిని ప్రభువు మన నగర పెద్దలకు, మన సంఘ పెద్దలకు అనుగ్రహించును గాక.