మరణ పడక మీద రక్షణ నిశ్చయత



అంగళ్లు, మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు నుండి వచ్చే రోగులు పగటిపూట మమ్మల్ని మందుల గురించి, బిల్లు గురించి, ఇంటికి ఎప్పుడు పంపిస్తారని అడుగుతూ ఉంటారు. రాత్రి డ్యూటీలో, తోడు వచ్చినవారు నిద్రపోయాక, జబ్బు ముదిరిన కొందరు విశ్వాసులు వేరే ప్రశ్న అడుగుతారు. "సిస్టరమ్మా, దేవుడు నన్ను చేర్చుకుంటాడా?" ఏళ్ల తరబడి సంఘంలో ఉన్నవారు, పిల్లలకు సండేస్కూలు చెప్పినవారు కూడా ఈ మాట అడుగుతారు. ఇది ఆత్మకు సంబంధించిన సంగతే అయినా, దీన్ని ఇంటివారు సరిగా అర్థం చేసుకోకపోతే రోగికి అందవలసిన వైద్యం కూడా అందకుండా పోతుంది. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

నిశ్చయత దేని మీద నిలుస్తుంది?

లూకా సువార్త 23వ అధ్యాయంలో సిలువ వేయబడిన దొంగను చూడండి. అతనికి బాప్తిస్మం లేదు, సంఘ సభ్యత్వం లేదు, మంచి పనులు చేయడానికి సమయమూ లేదు. తనను జ్ఞాపకం చేసుకోమని మాత్రమే అడిగాడు. అదే రోజు పరదైసులో ఉంటావని ప్రభువు మాట ఇచ్చాడు. యోహాను సువార్త 10వ అధ్యాయంలో గొర్రెలు కాపరి చేతిలో ఉన్నాయి. అక్కడ పట్టు కాపరిది, గొర్రెది కాదు.

మా పనిలో ఇది రోజూ కనబడుతుంది. బలహీనంగా ఉన్న రోగిని మంచం మీద నుండి వీల్‌ఛైర్‌లోకి దించేటప్పుడు, "మీరు గట్టిగా పట్టుకోండి" అని ఆయన చేతి బలం మీద వదిలిపెట్టము. మేమే పట్టుకుంటాము. ఆయన చెయ్యి జారినా మనిషి పడడు. రక్షణ నిశ్చయత కూడా అటువంటిదే.

మన ప్రాంతానికి ఈ బోధ కొత్త కాదు

1853లో స్కడర్ సోదరులు ఆర్కాట్ మిషన్‌ను స్థాపించారు. ఆ మిషన్ తరఫున డాక్టర్ జేకబ్ చాంబర్లేన్ 1863లో మదనపల్లె వచ్చి పని మొదలుపెట్టాడు. వారిని పంపినది అమెరికాలోని రిఫార్మ్‌డ్ సంఘం. ఆ సంఘం తన పిల్లలకు నేర్పే హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తర గ్రంథం 1563 నాటిది. అందులో మొట్టమొదటి ప్రశ్నే బ్రతుకులోనూ చావులోనూ మనిషికి ఆదరణ ఏమిటని. జవాబు సారాంశం ఒక్కటే. మనం మన సొత్తు కాము, క్రీస్తు సొత్తు. అదే మన ధైర్యం.

ఈ ఆదరణ ఎంతో అవసరమైన చోటు ఆరోగ్యవరం. డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ నాయకత్వంలో అక్కడ యూనియన్ మిషన్ క్షయ శానిటోరియం 1915లో పని ప్రారంభించింది. స్ట్రెప్టోమైసిన్‌ను 1943లో కనుగొన్నారు. అంతవరకు క్షయ క్రిములను చంపే మందే లేదు. విశ్రాంతి, మంచి గాలి, బలమైన ఆహారమే ముఖ్యమైన వైద్యం. పడుచు వయసువారు కూడా చావును ఎదురుగా పెట్టుకుని నెలల తరబడి పడక మీద ఉండేవారు. నేడు మామూలు క్షయ ఆరు నెలల మందులతో నయమవుతుంది. కాబట్టి "పరలోకం నిశ్చయమే కదా, మందులెందుకు" అని ఎవరూ మధ్యలో మాత్రలు మానకూడదు. ఆ మందులు కూడా దేవుని కృపే.

భయం వెనుక జబ్బు ఉండవచ్చు

"దేవుడు నన్ను విడిచిపెట్టాడు" అని రోగి అన్నంత మాత్రాన విశ్వాసం పోయినట్లు కాదు. సిలువ మీద ప్రభువే అటువంటి కేక వేశాడు. విలియం కౌపర్ (1731-1800) అనే ఆంగ్ల కవి క్రీస్తు రక్తపు ఊటను గూర్చి ప్రసిద్ధమైన కీర్తన రాశాడు. ఆయన మానసిక వ్యాధితో బాధపడి, 1773 నుండి తాను దేవునిచేత త్రోసివేయబడ్డానని నమ్మాడు. చివరి రోజుల వరకు ఆ దిగులు పోలేదు. ఆయన స్నేహితుడు, పాస్టరు జాన్ న్యూటన్ మాత్రం ఆయన చెయ్యి వదలలేదు. కౌపర్ దిగులును చూసి ఆయన రక్షణ లేనివాడని మనలో ఎవరు తీర్పు చెప్పగలరు?

రెండు వారాలకు మించి దిగులు, నిద్రలేమి, ఆకలి లేకపోవడం, నేను పాపిని అనే ఆలోచన విడవకుండా ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. దానికి చికిత్స ఉంది. ఉన్నట్టుండి రోగి తికమకగా మాట్లాడినా, తిట్టినా, ప్రార్థన వద్దని కసురుకున్నా అది జ్వరం వల్ల, ఇన్‌ఫెక్షన్ వల్ల, కాలేయం లేక కిడ్నీలు పనిచేయకపోవడం వల్ల, రక్తంలో సోడియం తగ్గడం వల్ల కావచ్చు. ముందు డాక్టరుకు చెప్పండి. ఆ మాటలు జబ్బువి, మనిషివి కావు.

నొప్పి మాత్రలు, మంచి సాక్ష్యం

మాకు అన్నిటికంటే బాధ కలిగించే సంగతి ఇది. "మత్తులో ఉంటే ప్రార్థన ఎలా చేస్తుంది? మంచి సాక్ష్యంతో పోవాలి కదా" అని కొందరు ఇంటివారు క్యాన్సర్ రోగికి మార్ఫిన్ వద్దంటారు. ఆ తల్లి రాత్రంతా మూలుగుతూనే ఉంటుంది. డాక్టరు చెప్పిన మోతాదులో ఇస్తే మార్ఫిన్ చావును తొందరపెట్టదు. మొదటి కొద్ది రోజుల్లో ఉండే మగత సాధారణంగా తగ్గిపోతుంది. మలబద్ధకానికి మాత్రం తోడుగా మందు వాడాలి. నొప్పి తగ్గాక తెలివిగా మాట్లాడి, పిల్లలను దగ్గరకు పిలుచుకుని, తామే ప్రార్థన చేసుకున్నవారిని మేము చూశాము. 2014లో మన దేశంలో చట్టాన్ని సవరించి, గుర్తింపు పొందిన ఆసుపత్రులకు ఈ మందు తెప్పించుకోవడం సులువు చేశారు.

లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టోఫర్స్ హాస్పిస్‌ను స్థాపించిన సిసిలీ సాండర్స్ మొదట నర్సు, తరువాత డాక్టరు. ఒంటి నొప్పి, మనసు నొప్పి, కుటుంబ చింత, ఆత్మ వేదన అన్నీ కలిసి ఒకే నొప్పిగా రోగిని బాధిస్తాయని ఆమె నేర్పింది. కాబట్టి మాత్ర ఇచ్చే చెయ్యి, ప్రార్థించే నోరు రెండూ కావాలి.

ఇంటివారు చేయగలిగినవి

1. "నీకు నిశ్చయత ఉందా?" అని రోగిని పదేపదే పరీక్షించకండి. వాగ్దానాలను నెమ్మదిగా, కొంచెం కొంచెంగా చదివి వినిపించండి.

2. ఏ పాపం వల్ల ఈ జబ్బు వచ్చిందో అని మంచం దగ్గర మాట్లాడకండి. పుట్టు గ్రుడ్డివాని విషయంలో శిష్యులు అలా అడిగితే ప్రభువు కాదన్నాడు.

3. స్పృహ లేనట్టున్నా రోగికి వినబడుతూ ఉండవచ్చు. చెయ్యి పట్టుకుని ఆయనకు తెలిసిన కీర్తన పాడండి.

4. రోగి ఎవరితోనైనా సమాధానపడాలని కోరితే ఆలస్యం చేయకుండా వారిని పిలిపించండి.

5. రోగి కోరితే పాస్టరుగారిని, కతోలికులైతే ఫాదరుగారిని త్వరగా పిలవండి. వేరే మతంవారికి వారి పెద్దలను పిలిపించుకునే హక్కు ఉంది. రోగి అడగకుండా ఎవరి నమ్మకాన్నీ మంచం దగ్గర చర్చకు పెట్టకండి.

ఒక విశ్వాసి పాడుతూ వెళ్తాడు, ఇంకొకరు మాట లేకుండా వెళ్తారు, మరొకరు భయపడుతూ వెళ్తారు. ముగ్గురినీ చేర్చుకునే ప్రభువు ఒక్కడే. మీ ఇంట్లో అటువంటి రోగి ఉంటే నొప్పి గురించీ భయం గురించీ మాకు చెప్పడానికి సందేహించవద్దు. ఆదరణకర్తయైన దేవుడు మీకు తోడై ఉండును గాక.