స్త్రీలు – సైకిలు సీటు

సైకిలు సవారి స్త్రీలకారోగ్యమును, స్వేచ్ఛను నొసగు సాధనము. అయినను గంటసేపు త్రొక్కినంతనే సీటుబాధ కోర్వలేక దూరప్రయాణములు మానుకొనువారు పెక్కుమంది గలరు. ఈ బాధను తోడి స్త్రీతోనైనను చెప్పుటకు సిగ్గుపడి, ఇది తమ శరీరదౌర్బల్యమని యెంచుదురు. చెప్పు కరచినపుడు చెప్పును మార్చుదుము గాని పాదమును నిందింపము గదా! సీటు విషయమునను అట్లే చేయవలెనని మేము మనవి చేయుచున్నాము.

కూర్చుండినపుడు దేహభారమును పిరుదులలోని రెండెముకలు మోయవలెను. వీని నడిమి యెడము సాధారణముగా పురుషులకంటె స్త్రీలకెక్కువ. సీటు సన్నమైనచో ఎముకలు దానిపై నానవు. భారము నడుమనున్న సుకుమారభాగముపై బడి తిమ్మిరియు, ఒరపిడియు, పుండ్లును గలుగును. మిక్కిలి మెత్తని సీటును మేలుగాదు. ఎముకలు దానిలో దిగబడగా, నడిమి భాగము పైకుబికి యొత్తును. 1890వ దశకముననే ఈ బాధ నెఱిగి, అమెరికాలో నడుమ ఖాళీ విడిచిన సీట్లను విక్రయించిరి. నేడును అట్టివి లభించుచున్నవి.

తగిన వెడల్పు నింటనే కొలుచుకొనవచ్చును. గట్టి పీటపై అట్టపెట్టె ముక్కను బరచి, ముందుకు వంగి కూర్చుండి లేచినచో రెండు గుంటలు పడును. వాని నడిమి దూరముకంటె సుమారు 2 సెంటీమీటర్లు వెడల్పైన సీటు నెన్నుకొనవలెను. మడమను క్రిందికి దిగిన పెడలుపై నుంచినపుడు కాలు నిటారుగా సాగునట్లు సీటును బిగింపవలెను. అంతకంటె నెత్తైనచో నడుము ఇరుప్రక్కలకు నూగి చర్మమొరయును. సీటు సమతలముగా నుండవలెను. ముందుభాగ మొత్తుచున్నచో దానిని కొంచెము దింపవచ్చును.

ఇక దుస్తులు. 1894లో బోస్టనునుండి సైకిలుతో లోకయాత్రకు బయలుదేరిన ఆనీ లండన్‌డెరీ, పొడుగు పావడాను చికాగోలో విడిచి, లాగువంటి దుస్తును, తేలిక సైకిలును గైకొని, 1895లో యాత్ర ముగించెను. మనకిప్పుడు మెత్త కుట్టిన సైకిలు నిక్కరులు గలవు. వాని లోపల వేఱు లోదుస్తు తొడుగరాదు. దాని కుట్లే ఒరపిడికి మూలము. బిడియమైనచో పైన చీలమండల యొద్ద బిగువైన సల్వారు ధరింపవచ్చును.

త్రోవలో పది పదునైదు నిమిషముల కొకమాఱు పెడళ్లపై లేచి నిలువవలెను. ఇల్లు చేరగనే స్నానము చేసి పొడిబట్టలు గట్టవలెను. తిమ్మిరి విడువకున్నను, పుండు మానకున్నను సిగ్గు విడిచి వైద్యురాలిని జూడవలెను.

200 కిలోమీటర్లను 13½ గంటలలో ముగింపవలసిన బ్రెవె సవారులు హైదరాబాదునందును జరుగుచున్నవి. స్త్రీలును వానిలో బాల్గొనుచున్నారు. వారమువారము దూరమును కొంచెముగా పెంచుకొనుచు, సీటును ముందుగా సరిచూచుకొన్నచో, మనలో మఱికొందఱకును అది సాధ్యమే.